ఇల్లు మరిచిన ఊపిరి

తండాలో పొద్దున లేవగానే ఎవరి పని వాళ్లకుంటుంది. మేకలు విప్పేవాళ్లు మేకలు విప్పుతారు, జొన్నపిండి కలిపేవాళ్లు పిండి కలుపుతారు. ద్వాలి మాత్రం రాత్రి తన మొగుడి ఊపిరి ఎవరెవరి ఇంట్లో ఏమేం పాడు చేసిందో అడిగి రావడానికి గుమ్మం గుమ్మం తిరుగుతుంది.

చాటలో ఆరబెట్టిన ఇప్పపువ్వు చెదిరిందంటే అది భద్రు ఊపిరి పనే. పొయ్యిలో కప్పెట్టిన నిప్పు రాజుకుందన్నా, కోళ్ల గంప బోర్లా పడిందన్నా ఇంకెవర్నీ అనుమానించే పని లేదు. "మీ ఆయన ఊపిరి మళ్ల మా ఇంటి మీది కవరు లేపింది ద్వాలీ, జర కట్టేసుకోరాదు" అని పక్కింటి లాలి అనేది. ద్వాలి కప్పు మీది ఆ ప్లాస్టిక్ కవరు సర్ది, నాలుగు రాళ్లు ఎక్కువ పెట్టి వచ్చేది.

భద్రు లారీ డ్రైవరు. ఇల్లందు పక్క తండా. చర్ల అడవిలో వెదురు ఎత్తి, దుమ్ముగూడెం మీదుగా భద్రాచలం వారధి దాటించి, గోదావరి ఇవతల కాగితాల మిల్లులో దింపడం అతని పని. మనిషి లారీకి తగ్గట్టే ఉంటాడు. మెడ ఎక్కడ మొదలవుతుందో గడ్డానికే తెలియాలి. మీసం మాత్రం చూసి తీరాల్సిందే. రెండు పక్కలా ఎద్దు కొమ్ముల్లా లేచి ఉండేది. ఆ మీసం కింద నుంచి వచ్చే గురక మొదట చిన్న గేరులో ఎత్తుకుని, రెండో గేరు, మూడో గేరు మార్చుకుని, ఘాటు రోడ్డెక్కినట్టు మూలిగి, ఉన్నట్టుండి ఆగిపోయేది.

ఆగిందంటే ఊపిరి బయటికి పోయినట్టే. ఎండాకాలం తారు రోడ్డు మీద గాలి వణికినట్టు కనబడేది, దూడంత ఉండేది. ముక్కులోంచి దిగి, ఒళ్లు విరుచుకుని, తండా చూడటానికి బయల్దేరేది. కాసేపటికి ఏదో మరిచిపోయినట్టు ఉరికొచ్చి దభాలున ముక్కులో దూరేది. భద్రు నీళ్లలో మునిగి తేలినవాడిలా నోరు తెరుచుకుని లేచేవాడు. మళ్లీ పడుకునేవాడు. అది మళ్లీ దిగేది. తెల్లారేసరికి ఊపిరి ఊరంతా తిరిగి వచ్చేది గానీ, భద్రు మాత్రం నిద్ర ముఖం చూసి ఎరగడు.

రాత్రి దొరకని నిద్ర పగలు స్టీరింగు మీద దొరికేది. అందుకే ఆ లారీలో క్లీనరు పనంటే అద్దాలు తుడవడం కాదు, డ్రైవరుకు కోపం తెప్పించడం. సమ్మయ్య వయసులో భద్రు కంటే పెద్ద. ఇంకెక్కడా పని దొరకక ఈ పనికొచ్చాడు గానీ, కోపం తెప్పించడంలో అతన్ని మించినవాడు లేడు. భద్రు కళ్లు వాలితే చాలు, నీ పెళ్లిలో మీ అత్తగారు పెట్టిన మేక ముసలిదట గదా నాయకా అని మొదలుపెట్టేవాడు. అప్పుడు భద్రుకు నిద్ర ఎగిరిపోయి చర్ల నుంచి వారధి దాకా మేక వయసు మీద వాదన నడిచేది.

ఒక మధ్యాహ్నం మేక కథ చెబుతూ చెబుతూ సమ్మయ్యే కునికాడు. భద్రు ఊపిరి కిటికీలోంచి దిగిపోయింది. లారీ రోడ్డు వదిలి మిరప చేలోకి ఎక్కింది. కట్లు తెగి వెదుళ్లు చేనంతా పరుచుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిరపకాయలు ఏరే మనిషి అప్పుడే నీళ్లు తాగడానికి గట్టు మీదికి పోయిందట. ముందు చక్రం కింద ఆమె గంప ఉంది. చదునైపోయిన ఆ గంపను భద్రు చాలాసేపు చూశాడు. ఆమె వచ్చి తిడుతుందేమోనని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. గంపను లాగి, కాయలు ఏరుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత భద్రుకు అన్నం సయించలేదు.

లారీ ఓనరు సారంగపాణి ఖమ్మంలో ఉంటాడు. కోపిష్టే గానీ కసాయి కాదు. భద్రును హైదరాబాదు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాడు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని, గాలి ఆగుతోందని డాక్టరు చెప్పాడు. బయటికి కూడా పోతది సారూ అని భద్రు నసిగితే, కొందరికి పోతుంది, అది ఇంకా ముదిరిన రకం అని తల ఊపాడు. కుట్టుమిషను పెట్టెంత మిషను ఒకటి చూపించాడు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించే రబ్బరు తొడుగు. పడుకున్నంతసేపూ అది గాలి కొడుతూనే ఉంటుంది, గొంతు మూసుకోదు. తొడుగు మాత్రం చెంపలకు అతుక్కుపోయినట్టు బిగించాలి. సారంగపాణి దాన్ని కొనిచ్చి, తిరుగు బస్సులో ఒకే మాట అన్నాడు.

"ఇది పెట్టుకొని పండు. మళ్ల ఒక్కసారి కునుకు పడ్డదంటే తాళంచెవి నా చేతుల పెట్టి పో. నీ ఒక్కని పానమైతే నీ ఇష్టమనేటోన్ని. రోడ్డు మీద అందరున్నరు."

తాళంచెవి పోతే ఇంక మిగిలేది బొగ్గుబావిలో రానివాళ్ల బదులు దిగే బదిలీ కూలి. ఆ బావి ఏం చేస్తుందో చూడటానికి భద్రు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు తండ్రి కిషన్‌లాల్. కొడుకుకున్నట్టే ఎద్దు కొమ్ముల మీసం, కాకపోతే సున్నం వేసినట్టు తెల్లగా. బావిలో పనిచేసినన్నాళ్లూ మింగిన బొగ్గుపొడి ఛాతీలో గడ్డ కట్టుకుని, ఒక మాట పూర్తి చెయ్యడానికి రెండుసార్లు ఆగేవాడు. మంచం నుంచి గుమ్మం దాకా పోవడం ఆయనకు తీర్థయాత్ర.

మిషను వచ్చింది గానీ, లారీ డ్రైవరు పడుకునేది లారీలో. లారీలో ప్లగ్గు ఎక్కడిది? పాల్వంచ దాబాలో ప్లగ్గు పక్కన మంచం వేయించుకున్నాడు. చట్నీ రుబ్బాల్సి వచ్చినప్పుడల్లా దాబావాడు భద్రు ఊపిరి పీకేసి మిక్సీ పెట్టుకునేవాడు. దాంతో దారిలో పడుకోవడం మాని, ఎంత దూరమైనా ఇంటికే రావడం మొదలుపెట్టాడు. తండాలో కరెంటు సంగతి ఇంకో కథ. అది చుట్టంలా వచ్చి, చుట్టంలాగైనా కూర్చోకుండా పోయేది.

ఇవన్నీ ఒక ఎత్తు, మీసం ఒక ఎత్తు. తొడుగు ఎంత బిగించినా మీసం సందుల్లోంచి గాలి తన్నుకొచ్చేది. కాసేపు పాము బుస, కాసేపు రైలు కూత. కుక్కలు గుమ్మంలో చేరి జవాబు చెప్పేవి. ఇల్లందు పోయి డాక్టరుకు ఫోను చేస్తే, మీసం తీసెయ్యమని చెప్పి పెట్టేశాడు.

డాక్టరుకేం తెలుసు? ఆ చుట్టుపక్కల మగవాడు మీసం తీసేది ఒక్కసారే, కన్నతండ్రి పోయినప్పుడు. మంగలి మంగయ్య కత్తి నూరుతూనే, మీ బా ఎప్పుడు పోయిండు నాయకా అని విచారంగా అడిగాడు. బతికే ఉన్నడని భద్రు అనగానే కత్తి మడిచి డబ్బాలో పెట్టేశాడు. బతికున్న మనిషికి కర్మ చేసిన చేతితో రేపు ఎవరి గడ్డం గీస్తాను, ఎవరు గీయించుకుంటారు అని అతని బాధ. అదీ నిజమే.

భద్రు రెండు రోజులు ఆలోచించాడు. కళ్లు మూసినప్పుడల్లా చదునైన గంప కనిపించింది. మూడో రోజు లారీ పక్కద్దంలో చూసుకుంటూ తన మీసం తనే బ్లేడుతో గీసుకున్నాడు. అద్దంలో ఉన్న మనిషిని చూసి సమ్మయ్య మేక కథ కూడా మరిచిపోయాడు.

బోడి మూతితో భద్రు తండాలో అడుగు పెట్టాడో లేదో, ఆడవాళ్లు ఒకరిని ఒకరు పట్టుకుని ఏడుపు ఎత్తుకున్నారు. పాటలా సాగదీసి, కిషన్‌లాల్ గుణగణాలన్నీ చెప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. లోపల కిషన్‌లాల్ రొట్టె తింటున్నాడు. వాళ్లు ఆగలేదు, ఎత్తుకున్న పాట మధ్యలో దించితే మంచిది కాదు గదా. ఆయన ముక్క నమిలి మింగి, తన గురించి చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక కొడుకు మూతి వైపు చూశాడు.

"నేను పోయిన సంగతి," అని ఆగి, ఊపిరి తెచ్చుకుని, "నాకన్న చెప్పకపోతిరి" అన్నాడు.

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భద్రు వెళ్లి పక్క మంచం మీద వాలాడు. కరెంటు లేదు. వచ్చేదాకా మేలుకునే ఉండాలనుకున్నాడు గానీ, ఎప్పుడు ఒరిగాడో తెలియదు. ఊపిరి దిగి షికారుకు పోయింది.

అప్పుడే కరెంటు వచ్చింది. ద్వాలి పరిగెత్తి తొడుగు తెచ్చి, డాక్టరు చెప్పినట్టే చెంపలకు బిగించింది. ఈసారి బుస లేదు, కూత లేదు. గాలి ఒక్క చుక్క కారకుండా లోపలికి పోయింది. ఇన్నాళ్లకు కుదిరిందని ద్వాలి సంబరపడి పొయ్యి దగ్గరికి పోయింది. ఊపిరి ఇంకా ఇంటికి రాలేదన్న మాట ఆమెకు తట్టలేదు.

ఊపిరి లాలి వాళ్ల కోళ్లను బెదిరించి తిరిగొచ్చింది. మంచం దగ్గర నిలబడింది. మీసం లేదు. మూతికి ఏనుగు తొండం లాంటిదేదో ఉంది, లోపల ఇంకెవరిదో గాలి కాపురం పెట్టింది. వాసన చూసింది. ఇది నా ఇల్లు కాదనుకుంది. ఇటు తిరిగితే పక్క మంచం మీద, తనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మీసం. కాస్త తెల్లబడింది, అంతే. హాయిగా అందులో దూరి పడుకుంది.

కిషన్‌లాల్ లేచి కూర్చున్నాడు. ఛాతీలో గడ్డ కట్టిందేదో పక్కకు జరిగి దారి ఇచ్చింది. నిలబడ్డాడు. గుమ్మం దాటాడు, వాకిలి దాటాడు, తండా వెనక గుట్ట ఎక్కి మేకలను ఒక్క కేక వేశాడు. ఆ కేకకు ఇందాక ఏడ్చిన ఆడవాళ్లందరూ ఇళ్లలోంచి బయటికి వచ్చి, ఓహో భద్రు ఊపిరి అక్కడికి పోయిందన్నమాట అనుకుని మళ్లీ పనుల్లో పడ్డారు.

భద్రు పెళ్లయినప్పటి నుంచీ ఎరగని నిద్ర పోయాడు. లేచి తొడుగు తీశాడు. పీల్చాడు. ఏమీ రాలేదు. కళ్లు బయటికొచ్చేలా పీల్చినా లోపలికి పోయేది ఏదీ లేదు. ద్వాలి గబగబా తొడుగు మళ్లీ పెట్టింది.

ఆ రోజు నుంచి భద్రు గొట్టానికి కట్టేసిన ఎద్దయ్యాడు. మిషను దగ్గర ఛాతీ నిండా గాలి నింపుకుని, గోదావరిలో మునిగేవాడిలా బిగబట్టి, నాలుగు ముద్దలు తినో నాలుగు మాటలు చెప్పో మళ్లీ వచ్చి తొడుగు తగిలించుకునేవాడు. కరెంటు రెప్పపాటు పోయినా తెలియాలని ద్వాలి మిషను పెట్టె మీద చెయ్యి వేసే పడుకునేది. ఇంతలో సారంగపాణి కబురు పంపాడు. వానలు పడితే అడవి దారి మూసుకుంటుంది, ఉన్న వెదురంతా ఈ లోపలే ఎత్తాలి, ఆదివారం దాకా చూస్తాను, తర్వాత వేరే డ్రైవరును ఎక్కిస్తాను అని. కబురు తెచ్చిన సమ్మయ్య మంచం పక్కన చతికిలబడి, ఎన్నడూ లేనిది, మీ అత్తగారి మేక లేతదే నాయకా అన్నాడు. భద్రుకు ఏడుపొచ్చింది.

అటు కిషన్‌లాల్ గుట్టలు ఎక్కుతున్నాడు. అంగడికి నడిచి పోయి వస్తున్నాడు. అందరి ఇళ్ల ముందూ ఆగి పెద్ద పెద్ద మాటలు మధ్యలో ఆపకుండా చెబుతున్నాడు. అవి విన్నా వినకున్నా అందరికీ ముచ్చటగానే ఉంది. కొడుకు ముఖం మాత్రం చూడటం లేదు.

ద్వాలి మామగారితో నేరుగా మాట్లాడదు, మాట్లాడకూడదు. ముసుగు కిందికి లాక్కుని ఇంటి మధ్య గుంజతో చెప్పింది. "గుంజా, ఆదివారం వస్తున్నది. సీటు పోతే ఆయన బావిల దిగాలె. ఊపిరి లేనోన్ని బావిల కూడ దించరు. జర పెద్దమనిషికి చెప్పరాదు."

కిషన్‌లాల్ కూడా గుంజకే జవాబు చెప్పాడు. ఇచ్చేస్తనని చెప్పు, ఎవలు వద్దన్నరు అన్నాడు. ఆ తర్వాత భద్రు మంచం దగ్గరికి వచ్చి, చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"రెండ్రోజులు ఉంచుకుంటరా బేటా. నీకు మిషినుంది గద."

భద్రు తొడుగు తీయకుండానే అవ్ అన్నట్టు తల ఊపాడు. గాలి నింపుకున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. తండ్రి తనను ఇంతవరకూ ఏదీ అడిగిన మనిషి కాదు.

శనివారం పొద్దు వాలుతుండగా మబ్బు పట్టింది. గాలిదుమారం లేచి, తండా పొలిమేరలో తీగ తెగి పడింది. మిషను చప్పుడు ఒకసారి మూలిగి ఆగిపోయింది. ఛాతీలో ఉన్న గాలిని భద్రు బిగబట్టాడు. ద్వాలి తొడుగు పీకేసి, విసనకర్రతో విసిరింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. పోయిన గాలి పోయినట్టే వెనక్కి వచ్చేస్తోంది. లోపల పట్టి ఉంచేది ఉంటే గదా.

అంగడి నుంచి వస్తున్న కిషన్‌లాల్ ఆమె అరుపు విని ఉరికొచ్చాడు. కొడుకు ఊపిరే ఆయన్ని ఉరికించింది. మంచం మీద వంగి కొడుకు ముఖంలోకి ఊదాడు. పో, మీ ఇంటికి పో అన్నాడు. తిట్టాడు, బతిమాలాడు, దగ్గాడు. ఊపిరికి ఆ మీసం కింద అలవాటైపోయింది, కదల్లేదు. భద్రు పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

కిషన్‌లాల్ చూరులో కొడుకు దోపిన బ్లేడు లాగాడు. నీళ్లు లేవు, సబ్బు లేదు. ఒక పక్క, ఇంకో పక్క, రెండు గీతల్లో తెల్ల మీసం నేల మీద పడింది. మూతి మీద నెత్తురు జారింది. తండ్రి పోతే కొడుకు తీస్తాడు గానీ, కొడుకు కోసం తండ్రి మీసం తీసుకున్నది ఆ తండాలో ఎవరూ ఎరగరు. వాకిట్లో చేరిన ఆడవాళ్లకు ఏ పాట ఎత్తుకోవాలో తెలియలేదు.

ఊపిరి బెదిరి బయటికి వచ్చింది. ఇటు చూస్తే బోడి మూతి, అటు చూస్తే బోడి మూతి. రెండు ముఖాలూ ఒక్కలాగే ఉన్నాయి. నడుమ నిలబడి వణికింది. ఎటూ పోలేదు.

అప్పుడు కిషన్‌లాల్ గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు. కొడుకు నోరు తెరిచి ఉంది. ఇక తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

ఊపిరి అందులోకి పోయింది. భద్రు ఎగిరిపడి లేచాడు. దగ్గి, కక్కి, చుట్టూ చూశాడు. తండ్రి చేతులు ఇంకా ముఖం మీదే ఉన్నాయి. భద్రు ఒక్కొక్క వేలూ ఊడదీయాల్సి వచ్చింది. వాటి కింద ముసలాయన సొంత ఊపిరి, ఆ బొగ్గుపొడి గురగుర, ఇంకా ఉంది, దీపంలో చమురు అయిపోయినట్టు. దుమారంలోనే లైన్‌మన్ వచ్చి తీగ కలిపేసరికి, ద్వాలి ముసుగు పూర్తిగా కిందికి లాక్కుని, చూడకుండా, తడుముకుంటూనే మామగారి ముఖానికి తొడుగు బిగించింది. బోడి మూతికి అది చక్కగా కుదిరింది.

ఆదివారం మిషను తండ్రికి వదిలి భద్రు సీటెక్కాడు. ఇల్లు మరిచి భయపడ్డ ఊపిరి ఇప్పుడు నిద్రలో కూడా గడప దాటడం మానేసింది. గురక లేదు, కునుకు లేదు. మూడు ట్రిప్పులు ఎండుటాకు నీళ్ల మీద పోయినట్టు పోయాయి. సమ్మయ్యకు చెయ్యడానికి పని లేక అద్దాలు తుడవడం నేర్చుకున్నాడు. సారంగపాణి వచ్చి బోడి మూతి చూసి, మంచిగున్నవురా అని వీపు తట్టాడు.

నాలుగో ట్రిప్పు నిండు లోడు. దుమ్ముగూడెం దాటాక మబ్బు దిగింది. మిల్లు గేటు మూసేలోపు దింపాలని సారంగపాణి గేటు దగ్గరే కూర్చున్నాడు. వారధి ఇంకెంతో దూరం లేదు. ఉన్నట్టుండి భద్రు ఛాతీలో ఏదో చివుక్కున లేచి, తాడు తెంపుకునే దూడలా ఇల్లందు వైపు లాగింది.

"ఏందయ్యింది?" అన్నాడు సమ్మయ్య.

"తండాల కరెంటు పోయింది."

ఊపిరికి ఇప్పుడు రెండిళ్లు. ఒక ఇంట్లో దీపం ఆరితే అక్కడికి పోకుండా ఉండలేదు. భద్రు ముక్కు నోరు రెండు నిమిషాలు గట్టిగా మూసుకుంటే చాలు, అది లోపలే ఉండిపోతుంది. గేటు అందుతుంది, సీటు నిలుస్తుంది. చెయ్యి ముఖం దాకా పోయింది కూడా. మూతి మీద కొత్తగా మొలుస్తున్న మీసం వేళ్లకు గరగరా తగిలింది.

చెయ్యి దించాడు. లారీని రోడ్డు వారకు తీసి, గేరులో పెట్టి, హ్యాండు బ్రేకు లాగాడు. సమ్మయ్య దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. భద్రు సీటు మీద వెనక్కి వాలి, కిటికీ అద్దం కిందికి దించి, నోరు తెరిచాడు.

వెనక నుంచి వచ్చిన భద్రాచలం బస్సు ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, డీజిలా పంచరా అని అడిగాడు.

"కరెంటు" అన్నాడు సమ్మయ్య.

బస్సు డ్రైవరు క్యాబిన్‌లో వాలిన మనిషి వైపు చూసి, తల ఊపి, హారను కొట్టకుండా నెమ్మదిగా ముందుకు పోనిచ్చాడు. సమ్మయ్య మైలురాయి మీద కూర్చుని, రోడ్డు పక్క స్తంభాల మీదుగా ఇల్లందు వైపు పోయే తీగలను చూస్తూ ఉన్నాడు. వాటిలో ఏదైనా కదులుతుందేమోనని.